అధ్యక్షుడి పడవా, మన మెయింటెనెన్స్ ప్రాజెక్టూ

1981లో అమెరికాలో ఒక పాత పడవని వేలం వేశారు. 165 అడుగుల ఉక్కు పడవ. ఆ ఏడాదే అది శాన్ ఫ్రాన్సిస్కో దగ్గర ట్రెజర్ ఐలండ్ లో, కట్టేసి ఉన్నచోటే మునిగిపోయింది. రెండు వారాలు నీళ్ళలో ఉన్నాక నేవీ వాళ్ళు పైకి తేల్చారు. లోపలంతా బురద, తుప్పు. అలాంటిదాన్ని ఎవరు కొంటారు చెప్పండి? పాట పాడింది ఒక్కరే. పక్కనే ఉన్న ఓక్లాండ్ రేవు వాళ్ళు. 15,000 డాలర్లకి పాట వాళ్ళకే కొట్టేశారు.

ఆ పడవ పేరు పొటోమాక్. అంతకు నలభై ఏళ్ళ ముందు, రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో, అది అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్ విహారనౌక. "తేలే వైట్ హౌస్" అనేవారు దాన్ని. దాన్ని మళ్ళీ మనుషులు ఎక్కేలా చెయ్యడానికి పన్నెండేళ్ళకి పైగా పట్టింది. ఖర్చు సుమారు 50 లక్షల డాలర్లు. అంటే కొన్న ధరకి 300 రెట్ల పైమాటే.

ఈ లెక్క చూడగానే మన ఐటీ వాళ్ళకి వచ్చే మొదటి ప్రశ్న నాకు తెలుసు. "అంత పోసి పాతదాన్ని బాగుచెయ్యడం ఎందుకండీ, కొత్తది కట్టుకోక?" మన దగ్గర మెయింటెనెన్స్ ప్రాజెక్టు అంటే ఒకరకమైన జాలి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు అంటగట్టింది అదే. ఆ కోడ్ వయసు నా వయసుకంటే రెండేళ్ళు ఎక్కువ. ఫ్రెండ్సంతా "అయ్యో పాపం, ఎప్పుడు బయటపడతావురా" అని పరామర్శించారు, ఏదో జబ్బు చేసినట్టు. కొత్తది కట్టేవాడు ఇంజనీరు, పాతది నడిపేవాడు బెంచి మీద కూర్చోలేక వెళ్ళినవాడు. అదీ మన లెక్క.

పాత పడవల చరిత్ర చదవడం మొదలుపెట్టాక నాకీ లెక్క తేడాగా కనపడింది. అందుకే అమెరికా అధ్యక్షుల పడవలు మూడింటి కథ చెప్తాను. మూడూ ఇంజను మీద నడిచేవే, మోటార్ యాట్లు. ఒకటి మునిగి బతికింది. ఒకటి కోర్టులో ఇరుక్కుని ఒడ్డుమీద ఎండింది. ఒకటి పాత ఇనుము కింద పోయింది. ఆ మూడోదానికి మన తెలుగు తీరంతో చుట్టరికం ఉంది. అది వరసలో చెప్తాను, కాస్త ఓపిక పట్టండి.

ముందు పొటోమాక్ సంగతి. ఇది పుట్టుకతో విహారనౌక కాదు. 1934లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని మానిటోవాక్ లో కోస్ట్ గార్డ్ కోసం కట్టిన గస్తీ పడవ. అప్పటి పేరు ఎలెక్ట్రా. 1936లో నేవీకి ఇచ్చి, అధ్యక్షుడి కోసం మార్పులు చేసి పేరు మార్చారు. అప్పటిదాకా రూజ్వెల్ట్ వాడింది సెకోయా అనే చెక్క పడవ. ఆయనకి 1921లో, 39వ ఏట పోలియో వచ్చింది. కాళ్ళు పనిచెయ్యవు. చెక్క పడవలో నిప్పంటుకుంటే మనలాంటి వాళ్ళం పరిగెత్తి నీళ్ళలోకి దూకుతాం. ఆయన దూకలేడు. అందుకని ఉక్కు పడవ కావాల్సొచ్చింది. ఇవాళ్టి భాషలో చెప్పాలంటే ఫీచర్ కోసం కాదు, రిస్క్ కోసం చేసిన మైగ్రేషన్.

ఇందులో నాకు బాగా నచ్చింది దొంగ చిమ్నీ. పడవ మీద రెండు పొగగొట్టాలు కనపడతాయి. వాటిలో ఒకదాంట్లోంచి పొగ రాదు. దాని లోపల చిన్న లిఫ్టు ఉంటుంది. దానికి మోటారు లేదు. తాళ్ళూ కప్పీలూ అంతే. రూజ్వెల్ట్ అందులో కూర్చుని, తాడు పట్టుకుని తన చేతుల బలంతో తనే పైడెక్కుకి వెళ్ళేవాడు. కరెంటు పోతే మధ్యలో ఇరుక్కుపోకూడదని, పక్కనవాళ్ళ మీద ఆధారపడకూడదని. చక్రాల కుర్చీలో ఉన్న ఫోటోలు బయటకి రాకుండా ఎంతో జాగ్రత్తపడిన మనిషి ఆయన. ఆ జాగ్రత్త ఎంత దూరం వెళ్ళిందో తెలియాలంటే పుస్తకాలకంటే ఆ చిమ్నీ చూడటం మేలు. ఒక దేశాధ్యక్షుడి అవిటితనాన్ని ఉక్కు రేకుల మధ్య దాచి, పైన పొగగొట్టంలా రంగేశారు.

ఈ పడవ ఇంకో నాటకంలో కూడా పాత్ర వేసింది. 1941 ఆగస్టు 3న రూజ్వెల్ట్ కనెక్టికట్ లోని న్యూ లండన్ లో పొటోమాక్ ఎక్కాడు. చేపలు పట్టుకోడానికి సరదాగా వెళ్తున్నానని చెప్పి. తర్వాత గుట్టుచప్పుడు కాకుండా అగస్టా అనే యుద్ధనౌకలోకి మారి న్యూఫౌండ్లాండ్ వైపు వెళ్ళిపోయాడు, అక్కడ చర్చిల్ ని కలవడానికి. ఇక్కడ పొటోమాక్ మాత్రం అధ్యక్షుడి జెండా ఎగరేసుకుంటూ కేప్ కాడ్ కాలువలో తాపీగా సాగింది. ఒడ్డున ఉన్నవాళ్ళకి కనపడేలా డెక్కు మీద ఆయన వేషంలో వేరే మనిషి కూర్చున్నాడు. జనం చేతులూపారు కూడా.

ఆగస్టు 14న బయటికొచ్చిన అట్లాంటిక్ చార్టర్ ఆ రహస్య సమావేశంలో తయారైందే. ఏ జాతి ప్రజలైనా తమ ప్రభుత్వాన్ని తామే ఎన్నుకునే హక్కు ఉందని అందులో రాశారు. మనవాళ్ళు సంతోషించేలోపే, సెప్టెంబర్ 9న చర్చిల్ పార్లమెంటులో లేచి ఆ మాట ఇండియాకీ బర్మాకీ వర్తించేది కాదన్నట్టు వివరణ ఇచ్చాడు. కాబట్టి ఆ పడవ కథ మనకి పూర్తిగా పరాయిది కాదన్నమాట.

1945 ఏప్రిల్ లో రూజ్వెల్ట్ పోయాడు. అక్కణ్ణించి పొటోమాక్ దిగుడు మొదలైంది. మేరీలాండ్ రాష్ట్రం వాళ్ళు 1960 దాకా చేపల దొంగవేట మీద కాపలాకి వాడుకున్నారు. తర్వాత కరిబియన్ దీవుల మధ్య ఫెర్రీ. 1964లో 55,000 డాలర్లకి దాన్ని కొన్నదెవరో తెలుసా? ఎల్విస్ ప్రెస్లీ! ఉంచుకోడానికి కాదు, దానం చెయ్యడానికి. ముందు మార్చ్ ఆఫ్ డైమ్స్ అనే సంస్థకి ఇస్తానన్నాడు. పోలియో మీద పోరాటానికి 1938లో సాక్షాత్తూ రూజ్వెల్ట్ పెట్టిన సంస్థ అది. వాళ్ళు వద్దన్నారు. ఎందుకంటే దాన్ని పోషించే స్తోమత మాకు లేదన్నారు. ఆఖరికి మెంఫిస్ లోని సెయింట్ జూడ్ పిల్లల ఆసుపత్రి తీసుకుంది. అమ్మి నిధులు చేసుకోడానికి.

ఆ దానం రోజున ఒక తమాషా జరిగిందని చెప్పుకుంటారు. పడవ పాతబడి చూడ్డానికి బాగాలేదు. ఫోటోలు తీసేవాళ్ళు వస్తారు. టైము లేదు. అందుకని ఎల్విస్ మేనేజరు కల్నల్ పార్కర్, ఒడ్డువైపు కనపడే పక్కకి మాత్రమే రంగు వేయించాడట. రెండోవైపు సముద్రానికి కనపడితే ఎవడడుగుతాడు! నవ్వకండి. సోమవారం క్లయింటు డెమో అంటే శుక్రవారం రాత్రి మనం చేసేదీ ఇంచుమించు అదే కదా.

తర్వాత చేతులు మారుతూ 1980 నాటికి ఆ పడవ మాదకద్రవ్యాల రవాణా చేసేవాళ్ళకి ముసుగుగా మిగిలింది. కస్టమ్స్ వాళ్ళు శాన్ ఫ్రాన్సిస్కోలో జప్తు చేసి ట్రెజర్ ఐలండ్ కి లాక్కెళ్ళి కట్టేశారు. అక్కడే పొట్టకి చిల్లుపడి మునిగింది. చూశారా, తుఫాను కాదు, టార్పెడో కాదు. యుద్ధాన్ని దాటిన పడవ తాడు కట్టి ఉన్నచోట మునిగింది.

ఉక్కు పడవ ఎలా చస్తుందో కాస్త టెక్నికల్ గా చెప్తాను. రేకు మందం అన్నిచోట్లా ఒకేలా తగ్గదు. నీటి మట్టం దగ్గర, గాలీ నీళ్ళూ రెండూ తగిలే చోట ఎక్కువ తింటుంది. అడుగున నిలవ నీళ్ళు చేరే బిల్జిలో లోపల్నించి తింటుంది. ఇత్తడి, కంచు లాంటి లోహాలు ఉప్పునీటిలో ఉక్కు పక్కన ఉంటే అది ఒక బ్యాటరీలా పనిచేసి ఉక్కు కరిగిపోతుంది. అందుకే అడుగున జింకు దిమ్మలు బిగిస్తారు. ఉక్కు బదులు అవి అరిగిపోతాయి. అవి అరిగాక కొత్తవి పెట్టాలి. పని అంతే, ఖర్చు కూడా తక్కువే. కానీ ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని పెట్టాలి. పెట్టకపోతే ఆ మర్నాడే ఏమీ కాదు. ఆ వచ్చే ఏడాదీ ఏమీ కాదు. అసలు ప్రమాదం అదే. అలర్ట్ రాని ఎర్రర్ అది.

ఇక బాగుచెయ్యడం మొదలుపెడితే, డ్రైడాక్ కి ఎక్కించి రేకు మందం అంగుళం అంగుళం కొలవాలి. ఇప్పుడు దానికి అల్ట్రాసౌండ్ పరికరాలున్నాయి. పలచబడ్డ చోట కోసి, కొత్త రేకు వేసి వెల్డింగు చెయ్యాలి. ఉప్పునీళ్ళు చేరిన వైరింగు మొత్తం పీకెయ్యాలి. ఆ కాలం పడవల్లో పైపుల చుట్టూ ఆస్బెస్టాస్, రంగుల్లో సీసం మామూలు. వాటిని తీసే పద్ధతి వేరు, ఖర్చు వేరు. గోడకి వేసిన చెక్క పలక తీస్తే తప్ప వెనకాల ఫ్రేము ఉందో లేదో తెలీదు. అందుకే పాత పడవకి ఎవరైనా ముందే ఫిక్స్‌డ్ బిడ్ చెప్తే నమ్మకూడదు. తెరిచేదాకా ఎస్టిమేట్ లేదు. ఈ ముక్క మన మేనేజర్లకి ఎవరైనా ఫ్రేము కట్టించి ఇస్తే బాగుణ్ణు.

మరి ఇంత కష్టమున్న పడవ ఎలా బతికింది? రూజ్వెల్ట్ పేరు వల్ల అనుకుంటాం. కానీ ఆ పేరు 1960లోనూ ఉంది, 1980లోనూ ఉంది. పేరు దాన్ని మునగకుండా ఆపలేదు. 1981లో కొత్తగా వచ్చింది ఒక్కటే, కదలని ఓనరు. ఓక్లాండ్ రేవు ఒక ప్రభుత్వ సంస్థ. దానికి సొంత జెట్టీ ఉంది, అప్పనంగా ఎక్కడికీ పారిపోదు. దాని చుట్టూ కార్మిక సంఘాలు, ఓడల కంపెనీలు, వాలంటీర్లు చేరారు. మధ్యలో 1990లో నేషనల్ హిస్టారిక్ ల్యాండ్‌మార్క్ గుర్తింపు వచ్చింది. 1995లో జనం కోసం తెరిచారు. నెల నెలా చిన్న పని, ఏడాది తర్వాత ఏడాది. రిలీజు డేటు లేని ప్రాజెక్టుని పన్నెండేళ్ళు పైన లాక్కొచ్చారంటే నాకైతే దండం పెట్టాలనిపించింది.

ఇంకో పెద్ద ప్రశ్న ఉంది. "పాత స్థితికి తేవడం" అంటే ఏ పాత స్థితికి? 1934 నాటి గస్తీ పడవా? 1936 నాటి అధ్యక్షుడి పడవా? ఎల్విస్ కొన్న 1964 నాటి పడవా? అన్నీ నిజమైన చరిత్రే. కానీ ఒకదాన్ని తెస్తే మిగతావి తుడిచెయ్యాలి. వాళ్ళు రూజ్వెల్ట్ కాలాన్ని ఎంచుకున్నారు. నా ఓటు కూడా దానికే. కారణం ఆయన గొప్పవాడని కాదు. ఆ కాలపు పడవ మాత్రమే ఇంకెక్కడా దొరకని విషయం చెప్తుంది కాబట్టి. కోస్ట్ గార్డ్ ఆ రకం పడవలు ఇంకా చాలా కట్టింది. ఎల్విస్ వస్తువులకి కొదవే లేదు. చిమ్నీలో తాళ్ళ లిఫ్టు మాత్రం ఇదొక్కదాంట్లోనే ఉంది.

నేను ఓక్లాండ్ లో జాక్ లండన్ స్క్వేర్ దగ్గర దాన్ని ఎక్కి చూశాను. అధ్యక్షుడి గది అంటే ఏదో ఊహించుకుని వెళ్ళా. హైదరాబాదులో మన పేయింగ్ గెస్టు గదికంటే కాస్త నయం, అంతే. విలాసం ఏమీ లేదు. కానీ ఆ చిమ్నీ తలుపు దగ్గర నిలబడి లోపలికి చూస్తే, ఒక మనిషి తన బరువు తనే లాక్కుంటూ పైకి వెళ్ళడం కళ్ళకి కట్టింది. ఈ ఒక్క అనుభవం ఏ ఫోటోలోనూ రాదు. యాభై లక్షల డాలర్లు దేనికి పెట్టారో అక్కడ అర్థమైంది.

రెండో పడవ సెకోయా. రూజ్వెల్ట్ నిప్పు భయంతో వదిలేసిన చెక్క పడవే ఇది. 1925లో న్యూజెర్సీలోని కామ్డెన్ లో కట్టారు, 104 అడుగులు. జాన్ ట్రంపీ అనే పేరున్న డిజైనరు పని. 1931లో ప్రభుత్వం కొంది. హూవర్, రూజ్వెల్ట్, జాన్సన్, నిక్సన్ అందరూ వాడారు. 1963 మే 29న కెనెడీ తన ఆఖరి పుట్టినరోజు విందు చేసుకుంది ఇందులోనే. 1977లో కార్టర్ వచ్చి ఇంత దర్జా మనకెందుకని అమ్మేశాడు. దాని పోషణకి ఏడాదికి సుమారు 8 లక్షల డాలర్లవుతోందన్నారు. వేలంలో వచ్చింది 2,86,000. అంటే పడవ ధర దాని అయిదు నెలల ఖర్చుకి కూడా సరిపోలేదు. పాత పడవల గురించి ఒక్క లెక్క గుర్తుపెట్టుకోవాలంటే ఇదే పెట్టుకోండి.

తర్వాత సెకోయా చాలా చేతులు మారింది. 1987లో ల్యాండ్‌మార్క్ గుర్తింపు వచ్చింది. అప్పులు, తాకట్టులు, చివరికి ఓనరుకీ డబ్బులిచ్చినవాళ్ళకీ మధ్య డెలవేర్ కోర్టులో వ్యాజ్యం. ఆ వ్యాజ్యం నడుస్తున్నన్నాళ్ళూ పడవ వర్జీనియాలో ఒడ్డుమీద ఉంది. చెక్క పడవకి ఒడ్డుమీద ఉండటం విశ్రాంతి కాదు, శిక్ష. నీళ్ళలో ఉంటే పలకలు ఉబ్బి అతుకులు బిగుస్తాయి. ఎండలో పెడితే కుంచించుకుపోయి సందులు పడతాయి. ఉప్పునీళ్ళు చెక్కకి అంత చెరుపు చెయ్యవు, వాననీళ్ళు పుచ్చు పట్టిస్తాయి. పైగా నీళ్ళు పడవని అన్నివైపులా మోస్తాయి. ఒడ్డున దిమ్మలు సరిగా పెట్టకపోతే సొంత బరువుకే వెన్ను వంగుతుంది.

2016లో తీర్పొచ్చింది. పడవని అప్పిచ్చిన సంస్థ తీసుకోవచ్చన్నాడు జడ్జి. ధర సున్నా డాలర్లు. అప్పటికి అందులో కాపురముంటున్నవి రకూన్లని కూడా ఆ తీర్పులోనే ఉంది. రకూన్లంటే అక్కడి ముంగిసల్లాంటి అల్లరి జంతువులు. 2019లో దాన్ని బార్జి మీదకెక్కించి మెయిన్ రాష్ట్రంలోని బెల్‌ఫాస్ట్ కి తీసుకెళ్ళారు, చెక్క పడవలు చేసే నిపుణుల దగ్గరికి. అదెన్నాళ్ళ పనో తర్వాత సంగతి. నేను చెప్పేది ఒకటే. ఇద్దరు మనుషులు "నాదంటే నాది" అని కొట్టుకుంటున్నప్పుడు, రోజూ టార్పాలిన్ సరిచేసే పని మాత్రం ఎవరిదీ కాదు. మన దగ్గర కూడా అన్నదమ్ముల తగాదాలో ఉన్న మండువా ఇళ్ళు ఎలా కూలతాయో గోదావరి జిల్లాల వాళ్ళకి చెప్పక్కర్లేదు.

ఇక మూడోది విలియమ్స్‌బర్గ్. మూడింటిలో పెద్దది, దాదాపు 244 అడుగులు. 1930లో మెయిన్ రాష్ట్రంలోని బాత్ ఐరన్ వర్క్స్ లో ఒక కాగితం గుజ్జు వ్యాపారి కోసం అరాస్ అనే పేరుతో కట్టారు. 1941లో నేవీ తీసుకుని తుపాకులు బిగించి యుద్ధానికి పంపింది. 1945 చివర్లో పొటోమాక్ ని పక్కనపెట్టి దీన్ని అధ్యక్షుడి పడవ చేశారు. ట్రూమన్ కి ఇది బాగా ఇష్టం. మిత్రుల్ని వెంటేసుకుని ఇందులో పేకాట ఆడేవాడు. 1953లో ఐసెన్‌హోవర్ వచ్చి ఒకే ఒక్క ప్రయాణం చేసి, పక్కనపెట్టమన్నాడు.

మామూలుగా అయితే కథ అక్కడితో అయిపోవాలి. కానీ 1962లో దీన్ని నేషనల్ సైన్స్ ఫౌండేషన్ కి ఇచ్చారు. పేకాట బల్లలున్న పడవ లాబొరేటరీ అయింది. డెన్మార్క్ సముద్ర శాస్త్రవేత్త ఆంటన్ బ్రూన్ పేరు పెట్టి, అంతర్జాతీయ హిందూ మహాసముద్ర పరిశోధన యాత్రకి పంపారు. 1959 నుంచి 1965 దాకా పదికి పైగా దేశాలు కలిసి చేసిన పెద్ద కార్యక్రమం అది. అంతకుముందు హిందూ మహాసముద్రం గురించి లోకానికి తెలిసింది చాలా తక్కువ. మన దేశంలో 1966లో పుట్టిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఓషనోగ్రఫీ ఆ యాత్ర ఫలితమే. విశాఖలో దాని ప్రాంతీయ కేంద్రం ఉంది.

ఇదిగో, నేను ముందు చెప్పిన చుట్టరికం ఇక్కడుంది. 1963లో ఆంటన్ బ్రూన్ బంగాళాఖాతంలో తిరిగింది. యూజీన్ లఫాండ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1950లలో విజిటింగ్ ప్రొఫెసరుగా వాల్తేరు వచ్చి, ఆంధ్రా యూనివర్సిటీలో సముద్ర శాస్త్రానికి పునాది వేసినవాళ్ళలో ఒకడు. ఆయన ఈ యాత్రలో ఉన్నాడు. మన కోస్తాకి ఎదురుగా సముద్రగర్భంలో ఉన్న లోయల్ని గుర్తించి, 1964లో వాటి మీద పేపరు వేశాడు. ఆ లోయల పేర్లేమిటో తెలుసా? ఆంధ్ర, మహదేవన్, కృష్ణ. మహదేవన్ అంటే ఆంధ్రా యూనివర్సిటీలో జియాలజీ విభాగాన్ని నిలబెట్టిన ప్రొఫెసర్ సి. మహదేవన్ గారు.

నేను విశాఖలో నాలుగేళ్ళు ఇంజనీరింగ్ చదివాను. సాయంత్రాలు బీచి గోడ మీద కూర్చుని సముద్రాన్ని చూడటమే పని. ఎదురుగా నీళ్ళ కింద మన యూనివర్సిటీ పేరుతో ఒక లోయ ఉందనీ, దాన్ని కనిపెట్టింది ట్రూమన్ పేకాడిన పడవనీ ఒక్కరు కూడా చెప్పలేదు.

ఆ పడవ ఏమైంది? 1968లో మరమ్మతుకని డ్రైడాక్ లో ఉండగా డాకే మునిగి బాగా దెబ్బతింది. తర్వాత నీళ్ళమీద రెస్టారెంటు చేద్దామని ఒకరు, విలాసనౌక చేద్దామని ఇంకొకరు. 1993లో ఇటలీకి లాక్కెళ్ళారు. ప్రతి కొత్త ఓనరు దగ్గరా ఒక బ్రహ్మాండమైన ప్లాను ఉంది. ఈ నెల పంపు నడపడానికి డబ్బు మాత్రం ఎవరి దగ్గరా లేదు. లా స్పెజియా రేవులో ఇరవై ఏళ్ళకి పైగా తుప్పుపట్టి, 2016లో ముక్కలైంది. సెకోయాకి సున్నా డాలర్ల తీర్పొచ్చిన ఏడాదే ఇదీను. మూడింటిలోనూ ఎక్కువ చరిత్ర ఉన్నది ఇదే. ఎక్కువ చరిత్ర ఉండటమే దానికి చేటయిందేమో అని నా అనుమానం. నేవీకి పాతది, సైన్సువాళ్ళకి అరువుది, మనకి అసలు తెలీనిది. అందరిదీ కాబట్టి ఎవరిదీ కాలేదు.

మనం మాత్రం తక్కువ తిన్నామా? 1971 యుద్ధంలో బంగాళాఖాతంలో పోరాడిన విక్రాంత్ ని 1997లో సర్వీసు నుంచి తప్పించి, ముంబైలో మ్యూజియంగా కొన్నేళ్ళు ఉంచి, 2014లో పాత ఇనుముకి ఇచ్చేశాం. అదే యుద్ధం చూసిన కురుసుర జలాంతర్గామి 2001లో రిటైరైతే, 2002 కల్లా విశాఖ బీచిలో ఇసకమీద మ్యూజియమై కూర్చుంది. రెండిటి మధ్యా గౌరవంలో తేడా ఉందా? లేదు, విక్రాంతే ఎక్కువ పేరున్నది. తేడా సైజులోనూ, ఖర్చులోనూ, "దీన్ని మేం చూసుకుంటాం" అని ముందుకొచ్చిన సంస్థ ఉండటంలోనూ ఉంది. కురుసుర లోపల తిరుగుతూ పిల్లలు అడిగే ప్రశ్నలు వింటే, ఆ నిర్ణయం విలువ తెలుస్తుంది.

ఇక్కడ అవతలి వాదన కూడా చెప్పాలి, అది బలమైనది కూడా. పిల్లల ఆసుపత్రి పడవని అమ్ముకుని వైద్యం చెయ్యడం తప్పా? ముమ్మాటికీ కాదు. పన్ను కట్టేవాడి డబ్బుతో విలాసనౌక ఎందుకన్న కార్టర్ ది తప్పా? అదీ కాదు. మార్చ్ ఆఫ్ డైమ్స్ వాళ్ళు పోషించలేమని మొహమాటం లేకుండా చెప్పడం ఈ మొత్తం కథలో అందరికంటే నిజాయితీ అయిన మాట అని నాకనిపిస్తుంది. ప్రతి పాత పడవనీ కాపాడలేం. కాపాడకూడదు కూడా. పనికిరాని కోడ్ ని పూర్తిగా డిలీట్ చెయ్యడం కూడా మంచి ఇంజనీరు పనే.

కానీ డిలీట్ చెయ్యడం వేరు, వదిలెయ్యడం వేరు. ముక్కలు చెయ్యాలనుకుంటే ముందు కొలతలు తీసుకో, ఫోటోలు తియ్యి, దొంగ చిమ్నీ లాంటిది ఉంటే విప్పి మ్యూజియంలో పెట్టు, తర్వాత గౌరవంగా విరిచెయ్యి. ఉంచాలనుకుంటే మొదటి రోజునుంచే మూడు ప్రశ్నలకి జవాబు రాసిపెట్టు. ఏ కాలానికి తెస్తున్నాం? ఇరవై ఏళ్ళ తర్వాత దీని ఓనరు ఎవరు? బాగుచేసిన మర్నాటినుంచి ఏడాది ఖర్చు ఎక్కణ్ణించి వస్తుంది? పొటోమాక్ వాళ్ళకి మూడింటికీ జవాబులున్నాయి. సెకోయాకి రెండోది తేలక ఏళ్ళు పోయాయి. విలియమ్స్‌బర్గ్ కి మూడింట్లో ఒక్కదానికీ లేదు. ఈ రెండు దారులూ కాకుండా, "తర్వాత చూద్దాం" అని తాడుకట్టి వదిలెయ్యడమే పడవల్ని ముంచింది.

ఇప్పుడు నా మెయింటెనెన్స్ ప్రాజెక్టు సంగతి. ఆ ముసలి కోడ్ ఇంకా నడుస్తోంది. రోజూ ఎన్నో వేలమంది జీతాల లెక్కలు దానిమీద తేలుతున్నాయి. దాన్ని రీరైట్ చేద్దామని వచ్చిన ప్రెజెంటేషన్లు నేనున్న కాలంలోనే మూడు చూశాను, అన్నీ ఒక పక్కే రంగేసినవి. నడిపించింది మాత్రం బ్యాచ్ జాబు పడిపోతే తెల్లారుజామున మూడింటికి లేచే నలుగురు. వాళ్ళలో ఒకాయన పదకొండేళ్ళుగా జింకు దిమ్మలు మారుస్తున్నాడు, మరో మాటలో చెప్పాలంటే. ఆయనకి అవార్డు ఇచ్చినట్టు నేనెప్పుడూ వినలేదు. మీ ఆఫీసులోనూ అలాంటాయన ఒకరుంటారు. ఈసారి అప్రైజల్ లో "ఏం కొత్తగా కట్టావు" అని అడిగే ముందు, "ఏది మునగకుండా చూశావు" అని కూడా అడిగితే బాగుంటుందని నా అభిప్రాయం.